ఫోన్లో సలహాకు డబ్బులు అడిగితే చెడ్డదాన్నవుతానా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఏడేళ్లు ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో పనిచేసి, బాబు పుట్టాక మానేశాను. రెండేళ్లుగా చిన్న వ్యాపారుల కోసం తెలుగులో వీడియోలు చేస్తున్నాను. సరుకు ఫోటో ఎలా తీయాలి, గూగుల్‌లో కొట్టు వివరాలు ఎలా పెట్టాలి, వాట్సాప్‌లో ఏం రాయాలి, ఇలాంటివి. యూట్యూబ్‌లో 14 వేల మంది, వాట్సాప్ గ్రూపులో 400 మంది ఉన్నారు. రోజూ ఎనిమిది, పది ఫోన్లు వస్తాయి. "అక్కా, ఒక్క రెండు నిమిషాలు" అని మొదలై పావుగంట, ఇరవై నిమిషాలు అవుతుంది. గాజువాకలో ఒక స్వీట్ షాపు, భీమిలిలో ఒక హోమ్‌స్టే, మా కాలనీలోనే ఒక బొటిక్ వాళ్లు నా మాట విని బాగుపడ్డామని చెబుతుంటారు. నాకు మాత్రం యూట్యూబ్ నుంచి నెలకు ఐదారు వేలకు మించి రావడం లేదు. "ఊరందరికీ వ్యాపారం నేర్పుతున్నావు, మరి నీ వ్యాపారం ఏది?" అని మావారు అడిగితే సమాధానం లేదు. మొన్న ధైర్యం చేసి ఒకాయనతో ఫీజు మాట ఎత్తితే, "ఏటి మేడమ్, రెండు ముక్కలు చెప్పడానికి కూడా డబ్బులేనా?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు డబ్బులు అడిగితే చెడ్డదాన్నవుతానా? ఈ ఉచిత సలహాలు ఆదాయంగా ఎలా మారతాయి?
ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు:

అమ్మా, ముందు మీ భయానికి జవాబు చెబుతాను. చెడ్డవారు కారు. ఫీజు మాట ఎత్తినందుకే రాత్రంతా నిద్రపోని మనిషి ఎవరి దగ్గరా అన్యాయంగా ఒక్క రూపాయి తీసుకోలేరు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

ఆ మాట అన్న పెద్దమనిషి మీద కూడా కోపం పెట్టుకోకండి. రెండేళ్లుగా మీ దగ్గర ఉచితంగా దొరుకుతున్నది ఏమిటి, ఆ రోజు మీరు ఫీజు అడిగినది దేనికి, ఈ రెండింటికీ తేడా ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నిన్నటిదాకా ఊరికే చెప్పిన అక్క ఈ రోజు డబ్బులు అడుగుతోంది, ఆయనకు కనిపించింది అంతే. తేడా ముందు చెప్పి, ధర తర్వాత చెప్పాలి. మీరు ధరతో మొదలుపెట్టారు.

ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను. 1990లలో ద్వారకానగర్‌లో ఒక చిన్న గదిలో ప్రకటనల పని చేసేదాన్ని. కరపత్రాలు రాయడం, కేబుల్ టీవీలో కింద నడిచే ప్రకటనలు ఇప్పించడం, ఆటోకు మైకు కట్టి తిప్పే ప్రచారానికి మాటలు రాయడం. తెలిసిన బట్టల కొట్టు ఒకటి ఉండేది. యజమాని నన్ను "చెల్లెమ్మా" అనేవారు. పండగ వస్తే ఏ చీరలు ముందు పెట్టాలి, బోర్డు మీద ఏం రాయాలి, పెళ్లిళ్ల సీజనుకు కరపత్రం ఎప్పుడు వేయాలి, అన్నీ నన్నే అడిగేవారు. నేను మూడేళ్లు చెప్పాను. టీ ఇచ్చేవారు, సంక్రాంతికి చీర పెట్టేవారు. ఆ తర్వాత ఆయన పెద్ద షోరూమ్ కట్టారు. దాని ప్రచారం మొత్తం హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ఏజెన్సీకి అప్పగించారు. ఎంత ఇచ్చారో విన్నాక నాకు కళ్లు తిరిగాయి. ఉండబట్టలేక అడిగేశాను, "అన్నయ్యా, ఆ పని నాకు ఇవ్వొచ్చు కదా" అని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నువ్వు ఎప్పుడూ అడగలేదు కదమ్మా. నువ్వు ఇలాంటి పనులు చేస్తావని నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

ఆయన మాటలో మోసం లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు చూడండి, మూడేళ్లు నేను ఆ పెరటి చెట్టులాగే ఉన్నాను. పని చేసిపెట్టే మనిషిగా నన్ను నేను ఆయనకు ఒక్కసారి కూడా చూపించుకోలేదు. మీ ఉత్తరం చదువుతుంటే అది గుర్తొచ్చింది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. రోజుకు తొమ్మిది ఫోన్లు, ఒక్కోటి 18 నిమిషాలు అనుకుందాం. అంటే దాదాపు 2 గంటల 40 నిమిషాలు. ఆదివారాలు తీసేసి నెలకు 26 రోజులు వేసుకున్నా 70 గంటలు. వీడియోలు తీయడం, ఎడిట్ చేయడం దీనికి అదనం. ఆ 70 గంటలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరకే వస్తాను. మీరు కొత్తగా ఇంకో గంట కూడా కష్టపడనక్కర్లేదన్నది నా నమ్మకం.

మీరు ఈ రంగంలోనే ఉన్నారు కాబట్టి మిషెలిన్ గైడ్ కథ విని ఉంటారు. టైర్లు తయారుచేసే ఆ ఫ్రెంచ్ కంపెనీ 1900లో కార్లు నడిపేవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. టైరు ఎలా మార్చాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, భోజనం ఎక్కడ, బస ఎక్కడ, అన్నీ అందులో ఉండేవి. ఫ్రాన్స్ మొత్తంలో మూడు వేల కార్లు కూడా లేని రోజుల్లో దాదాపు 35 వేల ప్రతులు ఉచితంగా పంచారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1920లో, ఏడు ఫ్రాంకుల ధర పెట్టారు. ఒక టైర్ల దుకాణంలో పనిబల్ల ఎత్తు కోసం కింద ఆ పుస్తకాలు పేర్చి ఉండడం యజమానుల్లో ఒకరైన ఆంద్రే మిషెలిన్ చూశారని, అప్పుడే ధర పెట్టాలని నిర్ణయించారని కంపెనీవాళ్లే చెప్పుకుంటారు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఆ పనిబల్ల దగ్గర ఆగిపోతారు, ఉచితంగా ఇస్తే విలువ ఉండదని. నన్ను మాత్రం ఆ ముందరి ఇరవై ఏళ్లు ఆలోచింపజేస్తాయి. అంతకాలం పుస్తకం ఊరికే పంచినా కంపెనీ ఎందుకు మునిగిపోలేదు? జనం కార్లలో ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి కాబట్టి. ఆ పుస్తకం వెనక టైరు ఉంది. అమ్మా, మీ వీడియోల వెనక టైరు ఏది? మీవారు అడిగిన ప్రశ్న కూడా ఇదే. మీరు రెండేళ్లుగా చాలా మంచి పుస్తకం పంచుతున్నారు, కానీ అమ్మకానికి టైరు పెట్టలేదు.

టైరు అంటే మళ్లీ ఇంకాస్త పెద్ద సలహా అనుకోకండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఉచిత వీడియోలో సగం చెప్పి, మిగతా సగం డబ్బులిస్తే చెబుతాననడం మొదలుపెడతారు. జనానికి అది వెంటనే తెలిసిపోతుంది, చిరాకు పడతారు. మీ వీడియోల్లో ఏదీ దాచకండి, ఇప్పుడు చెబుతున్నట్టే పూర్తిగా చెప్పండి.

గాజువాక స్వీట్ షాపాయన రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఊహించుకోండి. తెల్లవారుజామున పొయ్యి వెలుగుతుంది. పాలవాడు, గ్యాసువాడు, చెప్పకుండా మానేసిన వంటమనిషి. సాయంత్రం డ్యూటీలు దిగి వచ్చేవాళ్లతో కొట్టు ముందు రద్దీ. రాత్రి పదింటికి షట్టర్ దించి, గల్లాపెట్టె లెక్క చూసుకుని, ఇంటికి చేరేసరికి పదకొండు. అప్పుడు ఫోన్ తీసి మీ వీడియో చూస్తారు. "కాజాలు పాకంలో వేసేటప్పుడు దగ్గర నుంచి వీడియో తీయండి, పక్కన కిటికీ వెలుతురు ఉండేలా చూసుకోండి" అని మీరు చెప్పింది ఆయనకు పూర్తిగా అర్థమవుతుంది, నచ్చుతుంది. రేపు తీద్దామనుకుంటూ నిద్రపోతారు. రేపు మళ్లీ పాలవాడు, గ్యాసువాడు.

ఆయనకు తెలియక చేయకపోవడం లేదు. చేసే చెయ్యి లేదు. మీ టైరు ఆ చెయ్యి. నెలకు రెండుసార్లు వాళ్ల కొట్టుకు వెళ్లి, మీరే ఫోటోలు, వీడియోలు తీసి, రాయాల్సినవి రాసి, గూగుల్‌లో వచ్చిన రివ్యూలకు జవాబులిచ్చి, వాట్సాప్ బిజినెస్‌లో ధరలతో కేటలాగు సర్ది, ఎన్ని ఆర్డర్లు అక్కడి నుంచి వచ్చాయో నెలాఖరున కాగితం మీద చూపించడం. చెప్పడం ఉచితంగానే ఉంచండి, చేసిపెట్టడానికి ఫీజు తీసుకోండి. అలాగే, పదిమందికీ పనికొచ్చే మాట ఉచితం. ఒక్కరి కొట్టు చూసి, వాళ్ల లెక్కలు విని, వాళ్ల కోసమే ఆలోచించే మాటకు ఫీజు. ఈ గీత ముందు మీ మనసులో స్పష్టంగా పడాలి. అది పడితే, "రెండు ముక్కలకు కూడా డబ్బులేనా" అన్న ఆయనకు, "రెండు ముక్కలకు కాదండీ, అవి వీడియోలో ఉన్నాయి, చూడండి. మీ కొట్టుకు వచ్చి చేసిపెట్టేదానికి" అని మామూలుగా చెప్పగలుగుతారు.

మరి ఆ తొమ్మిది ఫోన్ల సంగతి. మన ఊళ్లోనే ఒక పాఠం ఉంది. ఈనాడు పుట్టింది విశాఖపట్నంలోనే, 1974 ఆగస్టు 10న. అప్పట్లో తెలుగు దినపత్రికలు విజయవాడలో అచ్చయి ఇక్కడికి వచ్చేవి, చేతికందేసరికి పొద్దెక్కేది. వీళ్లు ఊరిని భాగాలుగా విడగొట్టి, పేపరు వేసే కుర్రాళ్లను ముందే నియమించుకుని, పత్రిక మొదలుపెట్టే ముందు ఒక వారం ఇళ్లకు ప్రతులు ఉచితంగా వేశారు. ఆ ఉచితానికి ఒక హద్దు ఉంది. వారం అయ్యాక కావాలనుకున్నవాళ్లు కొన్నారు, "మొన్నటిదాకా ఊరికే వేశారుగా" అని ఎవరూ తప్పుపట్టలేదు.

మీరూ అలాగే ఒక తేదీ పెట్టి గ్రూపులో చెప్పండి. చడీచప్పుడు లేకుండా ఫోన్లు ఎత్తడం మానేస్తే అది పొగరులా కనిపిస్తుంది. ఇలా రాయొచ్చు: "రెండేళ్లుగా మీరందరూ నన్ను మీ ఇంటి మనిషిలా చూశారు. ఫోన్లు పెరిగి, ఎవరికీ పూర్తిగా సమయం ఇవ్వలేకపోతున్నాను. అందుకని వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం 3 నుంచి 4 దాకా గ్రూపులోనే అందరి ప్రశ్నలకూ ఉచితంగా జవాబు చెబుతాను. మీ కొట్టుకు వచ్చి చూసి, మీకోసం ప్రత్యేకంగా ప్లాను కావాలన్నా, పని నేనే చేసిపెట్టాలన్నా ఫీజు ఉంటుంది. వివరాలు ఈ కింద ఉన్నాయి." అంతే. క్షమాపణలు వద్దు, సంజాయిషీలు వద్దు.

మధ్యాహ్నం మూడు అని ఊరికే అనలేదు, కొట్లలో బేరాలు పల్చబడే వేళ అది. ఆ గంటలో అడిగిన ప్రశ్నలే మీ తర్వాతి వీడియోలు. ఒకరికి చెప్పినది నలభై మంది వింటారు. ఇప్పుడు మీరు ఒకే జవాబును వారంలో ఆరుసార్లు ఆరుగురికి చెబుతున్నారని నాకు గట్టి అనుమానం. వాట్సాప్ బిజినెస్‌లో మీరు అందుబాటులో లేనప్పుడు మెసేజ్ పెట్టినవాళ్లకు తనంతట తాను వెళ్లే జవాబు పెట్టుకునే వీలుంది, అందులో బుధవారం సంగతి రాయండి. అలాగే ప్రశ్న అడిగినవాళ్లు, ధర అడిగినవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు అని మూడు లేబుళ్లు పెట్టుకోండి. ధర అడిగి మాయమైనవాళ్లను పది రోజుల తర్వాత ఒక్కసారి పలకరించండి. సగం పని అక్కడే తెములుతుంది, మనవాళ్లు మొదటిసారే అవునని చెప్పరు.

ఎంత తీసుకోవాలి అనేదాని మీద మీరు ఏమీ రాయలేదు కానీ, టెన్షన్ అంతా అక్కడే ఉందని నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఎవరు ఎంత తీసుకుంటున్నారో చూడకండి. ఎదుటివాళ్లను ఒకటే ప్రశ్న అడగండి: "ఒక కొత్త గిరాకీ వస్తే ఖర్చులు పోను మీకు ఎంత మిగులుతుంది?" మీ కాలనీ బొటిక్‌నే తీసుకుందాం. మగ్గం వర్క్ జాకెట్టుకు 4,000 తీసుకుంటే, కూలి, సామాను పోను 1,500 మిగులుతుందనుకోండి. మీ నెల ఫీజు 9,000 అయితే ఆరు జాకెట్లతో అది వచ్చేస్తుంది, ఆపైన వచ్చేవి వాళ్లకు మిగులు. పెళ్లిళ్ల ముందు, శ్రావణంలో పన్నెండు జాకెట్లు అదనంగా తెప్పించడం మీవల్ల అవుతుంది. కాబట్టి ఆ ఫీజు న్యాయం. అదే భీమిలి హోమ్‌స్టేకు నాలుగు గదులే ఉండి, శని ఆదివారాల్లోనే జనం వస్తుంటే, గదికి రాత్రికి 1,500 మిగిలితే, నెలకు మీరు అదనంగా నింపగలిగేది ఏ ఎనిమిది రాత్రులో. అంటే 12,000. అందులో 9,000 మీకు ఇమ్మంటే వాళ్లు రెండో నెలకే మానేస్తారు. వాళ్లకు పని తగ్గించి 5,000 చెప్పండి. మీ ఫీజుకు కనీసం రెండింతలైనా వాళ్లకు మిగలని చోట పని ఒప్పుకోకండి. మీరు ఎంత బాగా చేసినా ఆ బంధం నిలవదు.

ఇక మీ 70 గంటలు. పెద్ద పని మూడు కొట్లకు, ఒక్కోదానికి నెలకు 12 గంటలు, 9,000. చిన్న పని రెండు చోట్ల, ఏడేసి గంటలు, 5,000. ఒక్కసారి వచ్చి చూసి రాతపూర్వకంగా ప్లాను ఇవ్వడానికి 1,500, రానూపోనూ కలిపి మూడు గంటలు, అలాంటివి నెలకు నాలుగు. బుధవారాల నాలుగు గంటలు. మొత్తం 66 గంటలు, 43,000 రూపాయలు. ఆటోలు, ఫోన్ డేటా, ఎడిటింగ్ యాప్‌లకు ఆరు వేలు తీసేయండి. మొదటి నెలలో ఇది రాదు. ఒక కొట్టు, మహా అయితే రెండు దొరుకుతాయి. ఈ లెక్క నిండడానికి ఆరు నెలలు పట్టినా బెంగపడకండి. ఆ 1,500 విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. ప్లాను చూశాక వాళ్లు నెలవారీ పనికి ఒప్పుకుంటే, ఆ మొత్తాన్ని మొదటి నెల ఫీజులో తగ్గించండి. చాలామందికి అడుగు పడేది అక్కడే.

ఇదంతా వినగానే, "యూట్యూబ్‌లో ఇంగ్లీషులో, హిందీలో ఇంతకంటే పెద్దవాళ్లు చెబుతున్నారు, నా దగ్గరకే ఎందుకు రావాలి?" అని మీకు అనిపించవచ్చు. మీ దగ్గర వాళ్లకు లేనిది ఒకటి ఉంది. ఈ ఊరి క్యాలెండరు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారని, ఆ దారిలో కొట్టు ఉన్నవాళ్లు వారం ముందే ఏం పెట్టుకోవాలో, ఏం రాయాలో వాళ్లకేం తెలుసు? మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆ రోజుల్లో బొటిక్‌వాళ్లు పాత చీరల రీమోడలింగ్ గురించి చెప్పుకోవాలని, వలిసె పూలు పూసే వేళకు అరకు వెళ్లే జనం దారి కాబట్టి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల టిఫిను సెంటర్లు గూగుల్‌లో తెరిచే సమయం సరిచూసుకోవాలని, కార్తీకంలో వనభోజనాలకు స్వీట్లు, పులిహోర ఆర్డర్లు ఎన్ని రోజుల ముందు మొదలవుతాయో, ఇవి బయటివాళ్లకు తెలియవు. స్టీల్ ప్లాంటు వైపు జీతాలు పడే వారం వేరు, బీచ్ రోడ్డులో టూరిస్టులు తిరిగే వారం వేరు. ఇదంతా ఒక కాగితం మీద పన్నెండు నెలలకూ రాసుకోండి. ఏ కొట్టుకు వెళ్లినా ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడండి. మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఈ నేల మీద పెరగడంతో వచ్చిన జ్ఞానం ఇది, దాన్ని రాసి పెట్టుకోకపోవడంతో మీకే కనిపించడం లేదు.

మీ మాట విని బాగుపడ్డామన్న ముగ్గురి దగ్గరకు ఇప్పుడు వెళ్లాలి. వాళ్లు మీ మొదటి గిరాకీలు కావచ్చు, కాకపోయినా సాక్షులు అవుతారు. "బాగుంది అక్కా" అన్న మాట వేరేవాళ్లను కదిలించదు. పద్దు పుస్తకం చూపించమనండి. ముందు రోజుకు ఎన్ని ఫోన్ ఆర్డర్లు, ఇప్పుడు ఎన్ని? ఏ వీడియో పెట్టిన వారంలో పెరిగాయి? వాళ్లు ఒప్పుకుంటే ఆ అంకెలు, ఒక నిమిషం వాళ్ల గొంతులో వాయిస్ మెసేజ్ తీసుకోండి. ఒప్పుకోకపోతే, పేరు చెప్పకుండా "గాజువాక వైపు ఒక స్వీట్ షాపు" అని కూడా వాడొద్దు, ఇక్కడ అందరూ అందరికీ తెలుసు. ఇంకో సంగతి. "అమ్మకాలు రెట్టింపు చేస్తాను" అని ఎవరికీ మాటివ్వకండి. ఎన్ని ఫోటోలు, ఎన్ని వీడియోలు, ఏ రోజుకల్లా, అవి మీ చేతిలో ఉన్నవి. వాటికే మాటివ్వండి. అమ్మకం సరుకు రుచి మీద, కౌంటర్లో కూర్చున్న కుర్రాడి మాట తీరు మీద కూడా ఆధారపడుతుంది. ఒకే రోడ్డులో రెండు స్వీట్ షాపుల పని కూడా ఒప్పుకోకండి, ఎంత ఆశ పుట్టినా సరే. ఒకరి రహస్యం ఇంకొకరికి చెబుతారన్న అనుమానం ఒక్కసారి వస్తే ఊళ్లో పని దొరకదు.

ఫీజు చెప్పేటప్పుడు మొహమాటం ఎలా పోతుందంటే, ఒక్కటే దారి, ముందే రాసుకోవడం. "పని ఇది. నెలకు రెండుసార్లు వస్తాను. ఎనిమిది ఫోటోలు, నాలుగు వీడియోలు. ఫీజు తొమ్మిది వేలు, సగం అడ్వాన్సు." ఇది చెప్పి ఆగండి. నాలుగు క్షణాల మౌనం భరించలేక మనమే "మీకు ఎక్కువనిపిస్తే ఏడు వేలు ఇవ్వండి" అనేస్తాం. నేను కొన్నేళ్లపాటు అలాగే అన్నాను. ఎదుటివాళ్లు తగ్గించమని అడిగితే ధర తగ్గించకండి, పని తగ్గించండి. "ఏడు వేలయితే రెండు వీడియోలు వస్తాయండీ" అనండి. ఉప్పు, పప్పు తూచి అమ్మే మనిషికి ఆ మాట వెంటనే అర్థమవుతుంది, గౌరవం కూడా కలుగుతుంది.

అదే మాట వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతలో పెట్టి, "సరే" అని జవాబు తెప్పించుకోండి. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు చేయించుకోండి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అది పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి. ఆ నమోదు ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం మీకు అండగా ఉంటుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. చిన్న కొట్టువాళ్లతో ఇంతదాకా రాదు, పెద్ద సంస్థలతో పనికొస్తుంది. ఏడాదికి 20 లక్షలు దాటేవరకు సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఆ భయం ఇప్పుడే వద్దు. ఈ ఆదాయానికి మాత్రం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి.

ఇచ్చుకోలేనివాళ్ల సంగతి మీ మనసులో మెదులుతూనే ఉంటుందని నాకు తెలుసు. పచ్చళ్లు పెట్టుకునే ఒంటరి మహిళ, డ్వాక్రా సంఘంలో కొత్తగా మిషను కొనుక్కున్న అమ్మాయి. నెలకు ఇద్దరికి ఉచితంగా చేయండి, ఎవరికి అనేది మీరే ఎంచుకోండి. అడిగిన ప్రతివాళ్లకూ కాదనలేక చేసినప్పుడు ఈ ఇద్దరి వంతు కూడా కారున్నవాళ్లే పట్టుకుపోతారు. మధ్యస్థంగా ఉన్నవాళ్లకు రెండు నెలలకోసారి శనివారం క్లాసు పెట్టండి. పన్నెండు మంది, మనిషికి 700, ఫోన్లు చేతబట్టుకుని అక్కడికక్కడే ఫోటోలు తీయించి, కేటలాగు పెట్టించి పంపించండి. నోట్సు రాయించే క్లాసు వద్దు.

ఏదో యాప్‌నో, సాఫ్ట్‌వేర్‌నో మీ వీడియోలో మెచ్చుకుంటే డబ్బిస్తామని కంపెనీలు వస్తాయి, ఇప్పటికే వచ్చి ఉంటాయి. మీరు ఆరు నెలలు సొంతంగా వాడనిది చెప్పకండి. చెబితే, డబ్బు తీసుకున్నానన్న మాట వీడియోలోనే స్పష్టంగా చెప్పండి. 2022లో వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది తప్పనిసరి కూడా. వేలకు వేలు ధర పెట్టి ఆన్‌లైన్ కోర్సు అమ్మే ఆలోచన ఉంటే ఏడాది ఆపండి. చేసిపెట్టిన పనులు పది ఉంటే కోర్సులో చెప్పడానికి సరుకు దానంతటదే వస్తుంది.

యూట్యూబ్ డబ్బు గురించి మీవారికి ఇలా చెప్పండి: ఆ ఐదారు వేలు జీతం కాదు, కెమెరా ఖర్చులు. అక్కడ నమ్మకం పుడుతుంది, ఆదాయం కొట్టు గుమ్మం దగ్గర మొదలవుతుంది. ఆయన అడిగిన తీరు మీకు నొప్పి కలిగించి ఉంటుంది, కానీ ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇంట్లో ఉండడం మంచిదే. మొదటి రెండు నెలల పద్దు ఆయనతోనే రాయించండి. ఎన్ని గంటలు, ఎంత వచ్చింది అన్నది ఆయన చేతిరాతలో ఉంటే, ఫీజు తగ్గించేసిన రోజున మీకంటే ముందు ఆయనే అడుగుతారు.

మీ ఉత్తరం నాకు చేరేసరికి ఆషాఢం నడుస్తోంది. వరలక్ష్మీ వ్రతం, రాఖీ పౌర్ణమి ముందున్నాయి. రాఖీకి స్వీట్ బాక్సులు ఆఫీసులకు, అపార్టుమెంటు సంఘాలకు పెద్ద సంఖ్యలో వెళతాయి, ఆ ఆర్డర్లు పదిహేను రోజుల ముందే ఖరారవుతాయి. గాజువాక ఆయనకు ఈ సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేయండి. ఆయన ఎప్పుడూ మీకు ఫోన్ చేస్తారు, ఈసారి మీరు చేయండి. "అన్నయ్యా, రాఖీ బాక్సుల ఆర్డర్ల కోసం ఒక ప్లాను వేశాను. ఫోటోలు, ధరల కేటలాగు, ఆఫీసులకు పంపే సందేశాలు అన్నీ నేనే చేసిపెడతాను. నెలకు తొమ్మిది వేలు, సగం ముందు" అని చెప్పండి. చెప్పాక మాట్లాడకుండా వినండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి, ఒప్పుకున్నా రాయండి, ఒప్పుకోకపోయినా రాయండి.